ప్రోటీన్ స్కిమ్మర్: ఉప్పునీటి తొట్టెకు చేసే మేలు, మన మంచినీటి చేపల తొట్టెకు దాని అవసరం ఎంత?

రాజుపాలెం మండలంలోనూ, చుట్టుపక్కల పిడుగురాళ్ల, సత్తెనపల్లి వైపు గ్రామాల్లోనూ పత్తి, మిరప, వరితో పాటు పెరట్లోనో పొలంలోనో తొట్టెలు కట్టి చేపలు పెంచుదామని ఆలోచించే చిన్న రైతులు సలహా కోసం వస్తున్నారు. వారు వెంట తెచ్చే కొటేషన్లలో పంపులు, బ్లోయర్లు, ఫిల్టర్లతో పాటు 'ప్రోటీన్ స్కిమ్మర్' అనే పరికరం కూడా ఉంటోంది. ఇది ఉంటే నీరు అద్దంలా ఉంటుందని, చేపలు చావవని అమ్మేవారు చెబుతారు. ఉప్పునీటి తొట్టెల విషయంలో ఇందులో చాలా నిజం ఉంది. మంచినీటి తొట్టెల విషయంలో మాత్రం ఈ మాట నమ్మి డబ్బు పెట్టకూడదు. ఎందుకో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

క్లుప్తంగా

• ప్రోటీన్ స్కిమ్మర్ సన్నని గాలి బుడగల సాయంతో నీటిలో కరిగిన మాంసకృత్తులను, అతి సన్నని మలిన కణాలను నురగ రూపంలో బయటకు తీస్తుంది.
• సముద్రపు నీటిలో, అంటే లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలున్న నీటిలో, ఇది బాగా పనిచేస్తుంది.
• కాలువ నీటిలోనూ, మన బోరు నీటిలోనూ దీనివల్ల ప్రయోజనం చాలా తక్కువ. బోరు నీరు 'ఉప్పగా' ఉన్నా ఇదే పరిస్థితి.
• మంచినీటి తొట్టెలో ఆ డబ్బును గాలి సరఫరాకు, కరెంటు పోయినప్పటి ఏర్పాటుకు, మడ్డి తీసే ఏర్పాటుకు, బయోఫిల్టర్‌కు పెట్టాలి.

తొట్టెలో నీరు ఎలా చెడుతుంది?

చేపకు వేసే మేతలో ఎక్కువ విలువైనది మాంసకృత్తు. చేప తిన్న మాంసకృత్తులో కొంత మాత్రమే ఒంటికి పడుతుంది. మిగిలిన దానిలోని నత్రజని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియాగా నీటిలోకి వస్తుంది. తినకుండా మిగిలిన మేత, పెంట, చేప ఒంటి మీద జిగురు నీటిలో నాని కుళ్ళి మరింత అమ్మోనియా ఇస్తాయి.

దీనికి ఒక సులువైన లెక్క ఉంది. మేత బరువును అందులోని మాంసకృత్తు శాతంతో గుణించి, దాన్ని 0.092తో గుణిస్తే రోజుకు తయారయ్యే అమ్మోనియా నత్రజని వస్తుంది. ఉదాహరణకు 10,000 లీటర్ల తొట్టెలో 300 కిలోల చేప ఉండి, రోజుకు 6 కిలోల మేత వేస్తున్నారనుకుందాం. మేతలో 30 శాతం మాంసకృత్తు ఉంటే రోజుకు సుమారు 165 గ్రాముల అమ్మోనియా నత్రజని తయారవుతుంది. దాన్ని ఏ విధంగానూ తొలగించకపోతే ఒక్క రోజులోనే లీటరుకు 16 మిల్లీగ్రాములు దాటుతుంది. చెరువులో ఈ భారాన్ని నాచు, అడుగు మట్టి, సూక్ష్మజీవులు మోస్తాయి. తొట్టెలో మనమే మోయాలి.

ఇదే 6 కిలోల మేత నుండి ఎండు బరువులో సుమారు ఒకటిన్నర కిలోల మడ్డి కూడా వస్తుంది. అందులో పెద్ద రేణువులు అడుగుకు దిగుతాయి. అతి సన్నని రేణువులు, కరిగిపోయిన మాంసకృత్తులు నీటిలోనే ఉండిపోయి నీటిని పసుపు రంగుకు తిప్పుతాయి. స్కిమ్మర్ తీసేది ఈ చివరి రెండింటిని.

స్కిమ్మర్ పనిచేసే విధానం

బెల్లం వండేటప్పుడు చెరకు రసం మరుగుతుంటే మలినాలు తెట్టుగా పైకి తేలుతాయి. దాన్ని జల్లిగంటెతో తీసి పారబోస్తేనే బెల్లం శుభ్రంగా వస్తుంది. ఇంట్లో పప్పు ఉడికేటప్పుడు వచ్చే నురగ కూడా ఇలాంటిదే. స్కిమ్మర్ ఈ పనినే నిప్పు లేకుండా గాలి బుడగలతో చేస్తుంది.

మాంసకృత్తు అణువులో కొంత భాగానికి నీరంటే ఇష్టం, కొంత భాగానికి నీరంటే పడదు. అలాంటి అణువు నీటికి, గాలికి మధ్య హద్దు ఎక్కడ దొరికితే అక్కడ అతుక్కుంటుంది. గాలి బుడగ చుట్టూ ఉండేది ఆ హద్దే. కాబట్టి లక్షల కొద్దీ సన్నని బుడగలను నీటిలోకి వదిలితే వాటి చుట్టూ మాంసకృత్తులు, కొవ్వులు, వాటితో పాటు సన్నని మలిన కణాలు, కొంత బాక్టీరియా చేరతాయి. బుడగలు పైకి వెళ్ళి గట్టి నురగగా మారి, గొట్టం మెడ గుండా పైనున్న గిన్నెలో పడతాయి. ఆ గిన్నెలో టీ రంగులోనో ముదురు గోధుమ రంగులోనో దుర్వాసన గల ద్రవం చేరుతుంది. దాన్ని పారబోస్తే, కుళ్ళి అమ్మోనియాగా మారవలసిన పదార్థం మారక ముందే తొట్టె నుండి బయటకు పోయినట్లే.

స్కిమ్మర్‌లో ముఖ్యంగా నాలుగు భాగాలు ఉంటాయి:

1. నీటిని లోపలికి తెచ్చే పంపు.
2. నీటిలో గాలిని సన్నగా చీల్చే ఏర్పాటు. ఇది వెంచురీ కావచ్చు, సూదుల చక్రం ఉన్న పంపు కావచ్చు, చిన్న వాటిలో చెక్క గాలిరాయి కావచ్చు.
3. బుడగలు, నీరు కలిసే నిలువు గొట్టం. బుడగ ఎంతసేపు నీటిలో ఉంటే అంత మలినం పట్టుకుంటుంది. అందుకే కొన్నిటిలో నీటిని పై నుండి కిందికి, బుడగలను కింది నుండి పైకి ఎదురెదురుగా పంపుతారు.
4. నురగ చేరే మెడ, గిన్నె.

ఉప్పునీటిలోనే ఎందుకు బాగా పనిచేస్తుంది?

బుడగ ఎంత చిన్నదైతే అంత మంచిది. ఒక లీటరు గాలిని పెద్ద బుడగలుగా వదిలితే వాటి మొత్తం ఉపరితలం కొద్దిగానే ఉంటుంది. అదే గాలిని మిల్లీమీటరు కన్నా చిన్న బుడగలుగా చీల్చితే ఉపరితలం అనేక రెట్లు పెరుగుతుంది. పైగా చిన్న బుడగ నెమ్మదిగా పైకి వెళ్తుంది కాబట్టి మలినం అతుక్కోవడానికి సమయం దొరుకుతుంది.

సముద్రపు నీటిలోని లవణాలు బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా అడ్డుకుంటాయి. అందుకే అక్కడ బుడగలు పాలలా సన్నగా నిలుస్తాయి. మంచినీటిలో అదే పంపు, అదే గాలి పెట్టినా బుడగలు కలిసిపోయి పెద్దవై బుడబుడమని పైకి వచ్చి పగిలిపోతాయి. నురగ నిలవదు, గిన్నెలో మలినం చేరదు. సూర్యలంక ఒడ్డున అల విరిగినప్పుడు నిలిచే తెల్లని నురగను, సాగర్ కాలువలో తూము దగ్గర నీరు దూకినప్పుడు వచ్చి వెంటనే కరిగిపోయే బుడగలను పోల్చి చూస్తే ఈ తేడా అర్థమవుతుంది.

మంచినీటిలోనూ ఒక్కోసారి గట్టి నురగ వస్తుంది. కానీ అలా రావాలంటే నీరు అప్పటికే బాగా చెడిపోయి, కరిగిన మలినాలు ఎక్కువై ఉండాలి. అంతవరకు ఆగితే చేపకు జరగవలసిన నష్టం జరిగిపోతుంది.

స్కిమ్మర్ చేయని పనులు

• నీటిలో అప్పటికే ఉన్న అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్‌లను ఇది తీయలేదు. అవి బుడగలకు అతుక్కోవు. వాటికి బయోఫిల్టర్, నీటి మార్పిడే మార్గం.
• అడుగున పేరుకున్న పెంట, మిగిలిన మేతను తీయదు.
• రోగాన్ని నయం చేయదు.
• నీటిలో గాలి కలిపినా, తొట్టె మొత్తానికి కావలసిన ప్రాణవాయువును ఇది ఒక్కటే ఇస్తుందని నమ్మకూడదు.

కాబట్టి ఉప్పునీటి తొట్టెలో కూడా స్కిమ్మర్ బయోఫిల్టర్‌కు సాయం చేసేదే గానీ దాని స్థానాన్ని తీసుకునేది కాదు.

మన రాష్ట్రంలో దీని అసలు చోటు

స్కిమ్మర్‌కు సరైన చోటు కోస్తా తీరం. మన దేశంలో వనామి రొయ్యకు 2009లో అనుమతి వచ్చిన తరువాత విశాఖపట్నం, కాకినాడ, బాపట్ల, నెల్లూరు తీరాల్లో హేచరీలు విస్తరించాయి. వనామి తల్లి రొయ్యలను విదేశాల నుండి తెచ్చి, చెన్నై దగ్గర నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించిన తరువాత హేచరీలకు ఇస్తారు. ఈ తల్లి రొయ్యలకు స్క్విడ్, సముద్రపు పురుగుల వంటి మాంసకృత్తు ఎక్కువగా ఉన్న తాజా మేత వేస్తారు. ఆ మేత నీటిని త్వరగా చెడగొడుతుంది. తల్లి రొయ్య ఖరీదైనది, నీటిలో చిన్న తేడాకే గుడ్లు తగ్గుతాయి. అలాంటి చోట స్కిమ్మర్ ఖర్చుకు అర్థం ఉంది.

సముద్ర చేపల తల్లి చేపలను నీరు తిప్పి వాడే పద్ధతిలో, అంటే ఆర్ఎఎస్‌లో, పెంచే చోట్ల కూడా స్కిమ్మర్ ఉపయోగపడుతుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన విశాఖపట్నం కేంద్రం ఆర్ఎఎస్‌లో తల్లి చేపలను పెంచి గ్రూపర్ చేపతో గుడ్లు పెట్టించింది. ఇక సముద్రపు రంగు చేపలు, పగడాలు పెంచే అద్దాల తొట్టెలు మూడో చోటు. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది సముద్రపు నీరు, విలువైన జీవి. మన దగ్గర ఈ రెండూ ఉన్నాయా అని ముందు చూసుకోవాలి.

"మా బోరు నీరు ఉప్పగానే ఉంటుంది కదా?"

పల్నాడు రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. నోటికి ఉప్పగా ఉండటం వేరు, సముద్రపు లవణీయత వేరు. మీ బోరు నీటి పరీక్ష పత్రంలో ఇసి 3 అని ఉంటే అది సాగుకు జాగ్రత్తగా వాడవలసిన నీరు. కానీ అందులో లవణాలు లీటరుకు సుమారు 2 గ్రాములే. సముద్రపు నీటిలో 35 గ్రాములు, అంటే దాదాపు 18 రెట్లు ఎక్కువ. సముద్రపు నీటి ఇసి సుమారు 50 ఉంటుంది. కాబట్టి మనకు ఉప్పుగా తోచే బోరు నీరు స్కిమ్మర్ లెక్కలో మంచినీటి కిందికే వస్తుంది.

"ఉప్పు కలిపితే సరిపోతుంది కదా?"

ఈ సలహా ఎవరిచ్చినా పాటించవద్దు. 10,000 లీటర్ల తొట్టెను సముద్రపు స్థాయికి తేవాలంటే 350 కిలోల లవణాలు కావాలి. వంట ఉప్పు సముద్రపు లవణానికి సమానం కాదు. అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం తగిన పాళ్ళలో ఉండవు. పైగా ఆ నీటిలో కట్ల, రోహు, కొర్రమీను, ఫంగస్ వంటి మంచినీటి చేపలు బతకవు.

అసలు ప్రమాదం నేలకు. అలాంటి తొట్టె నుండి రోజుకు 5 శాతం నీరు, అంటే 500 లీటర్లు, బయటకు వదిలినా రోజుకు 17.5 కిలోల ఉప్పు మీ పొలంలోకి చేరుతుంది. నెలకు 500 కిలోలు దాటుతుంది. మిరప ఉప్పును తట్టుకోలేని పంట, నేల ఇసి 1.5 దాటితేనే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. నల్లరేగడిలో చేరిన సోడియం నేలను గట్టిపరచి నీరు ఇంకకుండా చేస్తుంది. ఒక తొట్టె కోసం ఎకరం నేలను, పక్క రైతు బోరును చెడగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

మంచినీటి తొట్టెలో నైట్రైట్ పెరిగినప్పుడు కొద్దిపాటి ఉప్పు వేయమని మత్స్యశాఖ సిబ్బంది చెప్పవచ్చు. అది క్లోరైడ్ కోసం చేసే చికిత్స, స్కిమ్మర్‌కు దానితో సంబంధం లేదు. వారు చెప్పిన మోతాదు దాటవద్దు.

మంచినీటి తొట్టెకు ముందుగా కావలసినవి

పరిమితమైన పెట్టుబడితో మొదలుపెట్టే రైతు ఈ వరుసలో ఖర్చు పెట్టుకోవాలి.

1. గాలి, దానికి బదులు ఏర్పాటు: చేపలు ఒత్తుగా ఉన్న తొట్టెలో బ్లోయర్ ఆగితే చూస్తుండగానే చేపలు పైకి తేలి నోరు తెరుస్తాయి. ఇన్వర్టర్ గానీ జనరేటర్ గానీ లేకుండా చేపపిల్ల వదలవద్దు. అదనంగా ఇంకొక బ్లోయర్ ఉండాలి. రాత్రి కరెంటు పోతే మోగే అలారం పెట్టుకుంటే ఇంకా మంచిది.

2. మడ్డి తీసే ఏర్పాటు: తొట్టె గుండ్రంగా, అడుగు మధ్యకు వాలుగా ఉండాలి. మధ్య గొట్టం నుండి మడ్డిని రోజుకు రెండు సార్లైనా వదలాలి. ఆ తరువాత శంఖు ఆకారపు నిలకడ తొట్టె ఉంటే పెద్ద రేణువులు అందులో దిగుతాయి. పెద్ద యూనిట్లలో ఈ పనికి డ్రమ్ ఫిల్టర్ వాడతారు. పెంట నానిపోక ముందే తీస్తే సన్నని రేణువులు తయారయ్యేదే తగ్గుతుంది. స్కిమ్మర్ చేయవలసిన పనిలో చాలా భాగం ఇక్కడే తీరిపోతుంది.

3. బయోఫిల్టర్: ఇందులో పెరిగే మంచి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది నిలదొక్కుకోవడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. ఆ లోపు పూర్తి సంఖ్యలో చేపలు వదలడం వల్లనే చాలా తొట్టెలు మొదటి నెలలో దెబ్బతింటాయి.

4. నీటి పరీక్ష కిట్: అమ్మోనియా, నైట్రైట్, పిహెచ్, క్షారత. వారానికి రెండు సార్లైనా చూసి పుస్తకంలో రాయాలి.

5. మేత అదుపు: తిన్నంత వేయడం కాదు, చేప బరువును బట్టి లెక్క కట్టి వేయాలి. మబ్బు పట్టినప్పుడు, నీరు చెడినప్పుడు తగ్గించాలి. మిగిలిపోయిన మేతను తీసే పరికరం కన్నా మేత మిగలకుండా చూసుకోవడమే చౌక.

మన నీటి గురించి ఒక మాట

పిడుగురాళ్ల సున్నపు బట్టీలు చూస్తేనే ఈ ప్రాంతంలో సున్నపురాయి ఎంత ఉందో తెలుస్తుంది. అందువల్ల చాలా బోర్లలో నీరు కఠినంగా, క్షారత ఎక్కువగా ఉంటుంది. దీనివల్ల ఒక లాభం, ఒక ప్రమాదం ఉన్నాయి. బయోఫిల్టర్ ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి సుమారు 7 గ్రాముల క్షారతను వాడుకుంటుంది. క్షారత ఉన్న నీరు ఆ ఖర్చును కొంతకాలం భరిస్తుంది. ఇది లాభం.

ప్రమాదం పిహెచ్‌తో వస్తుంది. 28 డిగ్రీల వేడిలో పిహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం ఒక శాతం లోపే. పిహెచ్ 8 అయితే సుమారు 6.5 శాతం, 9 అయితే 40 శాతం దాటుతుంది. కాబట్టి కిట్ చూపే అమ్మోనియా అంకెను ఎప్పుడూ పిహెచ్‌తో కలిపి చదవాలి. పిహెచ్ 8.5 ఉన్న తొట్టెలో కొద్దిపాటి అమ్మోనియా కూడా మేత ఆపి, కొంత నీరు మార్చవలసిన స్థితే.

బయోఫ్లాక్ తొట్టెలో స్కిమ్మర్ వద్దు

బయోఫ్లాక్ పద్ధతిలో మలినాన్ని నీటిలోనే తేలుతూ ఉంచి, బెల్లం వంటి కార్బన్ పదార్థం వేసి, బాక్టీరియా ముద్దలుగా మార్చి చేపకు మేతగా ఇస్తాం. స్కిమ్మర్ పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఈ రెంటినీ ఒకే తొట్టెకు కొటేషన్‌లో రాశారంటే, రాసినవారికి పద్ధతి మీద అవగాహన లేదని అనుకోవచ్చు. బయోఫ్లాక్ తొట్టె మీద ఉన్నట్టుండి నురగ పేరుకుంటే మేత ఎక్కువైందా, ఫ్లాక్ చచ్చిపోతోందా అని అమ్మోనియా, నైట్రైట్, ప్రాణవాయువు చూడాలి. శంఖు ఆకారపు ఇమ్హాఫ్ కోన్‌లో ఫ్లాక్ ఎంత ఉందో చూసి, ఎక్కువైతే కొంత తీసివేయాలి.

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునే యువతకు

అభిరుచితోనో చిన్న వ్యాపారంగానో సముద్రపు చేపల అద్దాల తొట్టె పెట్టేవారికి స్కిమ్మర్ కొనదగిన పరికరమే. ఈ జాగ్రత్తలు పాటించండి.

• తొట్టె మొత్తం నీరు గంటకు ఒక్కసారైనా స్కిమ్మర్ గుండా వెళ్ళేలా చూసుకోవాలి. డబ్బా మీద రాసిన సామర్థ్యం తక్కువ చేపలున్న తొట్టెకు వేసిన లెక్క కావచ్చు. కాస్త పెద్దదే తీసుకోండి.
• కొత్త స్కిమ్మర్ మొదటి వారం, పది రోజులు సరిగా నురగ ఇవ్వదు. లోపలి గోడలకు సన్నని పొర పట్టాక కుదురుకుంటుంది. ఆ లోపు రోజూ తిప్పి మార్చవద్దు.
• లోపల నీటి మట్టం పెంచితే పలుచని తడి నురగ ఎక్కువగా, తగ్గిస్తే ముదురు రంగు చిక్కని నురగ తక్కువగా వస్తుంది. మధ్యస్థంగా పెట్టుకోండి.
• గిన్నెను రోజూ లేదా రోజు విడిచి రోజు కడగాలి. మెడలో జిడ్డు పేరుకుంటే నురగ పైకి ఎక్కదు. గాలి గొట్టంలో ఉప్పు గడ్డకడుతుంది, వారానికోసారి గోరువెచ్చని మంచినీటితో శుభ్రం చేయాలి.
• మేతలోని నూనె, చేతికి రాసుకున్న నూనె లేదా క్రీము నీటిలో కలిస్తే నురగ కొన్ని గంటలు పడిపోతుంది. ఇది చెడిపోవడం కాదు.
• ఆవిరైన నీటికి బదులు మంచినీరే పోయాలి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే ఉంటుంది. గిన్నెలోకి పోయిన నురగనీటికి బదులు మాత్రం కొత్త ఉప్పునీరు కలపాలి.
• 100 వాట్ల పంపు రాత్రింబవళ్ళు నడిస్తే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లు కాలుతుంది.
• రెంటచింతల ఎండలు మనకు తెలిసినవే. సముద్రపు రంగు చేపలకు, పగడాలకు 25 నుండి 27 డిగ్రీల నీరు కావాలి. వేసవిలో చిల్లర్ తప్పదు. ఆ ఖర్చు భరించలేకపోతే మంచినీటి రంగు చేపలతో మొదలుపెట్టడమే మేలు.
• గిన్నెలోని ద్రవాన్ని మొక్కలకు పోయవద్దు, అందులో ఉప్పు ఉంటుంది.

మంచినీటి తొట్టె మడ్డి సంగతి వేరు. అందులో నత్రజని, భాస్వరం ఉంటాయి. నీటితో పలుచన చేసి పశుగ్రాసానికి, అరటికి, పెరటి చెట్లకు పారించుకోవచ్చు. బోరు నీటి ఇసి ఎక్కువగా ఉన్నవారు మాత్రం నేల పరీక్ష చేయించుకుంటూ వాడాలి.

డబ్బు కట్టే ముందు అడగవలసిన ప్రశ్నలు

1. ఈ స్కిమ్మర్ ఎంత లవణీయత వద్ద పనిచేస్తుంది? ఆ మాట రాసి సంతకం పెట్టి ఇస్తారా?
2. మంచినీటిలో పనిచేస్తున్న తొట్టె ఒకటి చూపించగలరా? గిన్నెలో ఏమి చేరుతోందో మా కళ్ళతో చూడవచ్చా?
3. రోజుకు ఎన్ని కిలోల మేతకు ఈ బయోఫిల్టర్ సరిపోతుంది?
4. కరెంటు పోతే గాలి ఎన్ని గంటలు అందుతుంది?
5. స్కిమ్మర్ తీసేస్తే కొటేషన్ ఎంత తగ్గుతుంది?

ఐదో ప్రశ్నకు వచ్చే జవాబు చాలా ముఖ్యం. చాలా సందర్భాల్లో ఆ తగ్గిన మొత్తంతోనే అదనపు బ్లోయర్, ఇన్వర్టర్ సమకూర్చుకునే వీలుంటుంది.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలైంది. అందులో ఆర్ఎఎస్, బయోఫ్లాక్ యూనిట్లకు సాధారణ వర్గానికి యూనిట్ విలువలో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీగా నిర్ణయించారు. మిగిలిన వాటా రైతుదే, చాలామందికి అది బ్యాంకు అప్పే. సబ్సిడీ వస్తుంది కదా అని పనికిరాని పరికరం చేర్చుకుంటే దాని మీద కూడా మీరు వడ్డీ కడతారు. పథకం ప్రస్తుత స్థితి, మార్గదర్శకాలు తెలుసుకోకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వవద్దు.

తొట్టె కట్టే ముందు బోరు నీటిని పరీక్ష చేయించండి. ఆ పత్రం, కొటేషన్ రెండూ తీసుకుని మీ రైతు సేవా కేంద్రానికి గానీ, నరసరావుపేటలోని జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి గానీ వెళ్ళండి. మంచినీటి చేపల పెంపకంలో సాంకేతిక సలహాకు విజయవాడ దగ్గర పెనమలూరులో కేంద్రీయ మంచినీటి జీవుల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కొటేషన్‌లోని ప్రతి వస్తువు పక్కన 'ఇది మా నీటిలో ఏ పని చేస్తుంది' అని రాయించుకోండి. జవాబు రాయలేని వస్తువును కొట్టివేసి, మిగిలిన వాటికే డబ్బు కట్టండి.